పదో వంతు కారుతో ఒక సెమిస్టర్: డ్రైవర్‌రహిత వాహనాల కోర్సులో బ్యాచ్ ప్రాజెక్టు చేయడం ఎలా

బీటెక్ మూడో సంవత్సరంలోనో నాలుగో సంవత్సరంలోనో డ్రైవర్‌రహిత వాహనాల కోర్సును ఎలక్టివ్‌గా తీసుకుని, నలుగురైదుగురు ఒక బ్యాచ్‌గా ఏర్పడి, పదహారు వారాల్లో ఒక చిన్న కారును దానంతటది నడిచేలా చేయవలసిన విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. చిన్న కారు అంటే అసలు కారులో పదో వంతు కొలతలున్న రేడియో కంట్రోల్ కారు. దాని మీద ఒక లైడార్ (లేజరు కిరణాలతో చుట్టూ ఉన్నవాటి దూరాన్ని కొలిచే సెన్సర్), ఒక చిన్న కంప్యూటర్, ఒక బ్యాటరీ ఉంటాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2016లో ఎఫ్‌1టెన్త్ పేరుతో మొదలై, ఇప్పుడు రోబోరేసర్‌గా పిలుస్తున్న కార్యక్రమం ఈ పద్ధతిని ఎన్నో దేశాల కాలేజీలకు అలవాటు చేసింది. దాని పాఠాలు, సిమ్యులేటర్, కారు బిగించే విధానం అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి కనుక, అల్గారిథమ్‌లను మొదటి నుంచి ఇక్కడ వివరించడం లేదు. ఒకసారి విద్యార్థిగా, ఆ తర్వాత కొన్ని సెమిస్టర్లు ల్యాబ్‌లో సహాయకుడిగా ఉండి నేను దగ్గర నుంచి చూసింది వేరే ఉంది: ఇటువంటి ప్రాజెక్టులు అల్గారిథమ్ రాక ఆగిపోవడం అరుదు, ఒకరి పని ఇంకొకరి పనితో కలిసే చోట ఆగిపోతాయి.

తొమ్మిదో వారంలో అడిగితే కెమెరా చూసే అమ్మాయి తన కోడ్ పనిచేస్తోందని చెబుతుంది, స్టీరింగ్ చూసే అబ్బాయి సిమ్యులేటర్‌లో తన కారు చక్కగా తిరుగుతోందని చెబుతాడు, ఇద్దరూ నిజమే చెబుతారు. కానీ ఆ రెండూ ఒకే కారు మీద తొలిసారి కలిసేది డెమోకు ముందు రోజు సాయంత్రం. అందుకని ఈ వివరణలో ఉన్న అన్ని సూచనలకూ వెన్నెముక లాంటి నియమం ఒకటే: మూడో వారం నుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, అప్పటికి ఉన్న సెన్సర్లతో, అప్పటికి ఉన్న కోడ్‌తో, కారు మొత్తంగా నేల మీద నడవాలి. ఎంత తెలివితక్కువగా నడిచినా పరవాలేదు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2004లో మొహావి ఎడారిలో పెట్టిన పోటీలో దాదాపు 228 కిలోమీటర్ల దారిలో అందరికంటే ముందుకు వెళ్లిన వాహనం 12 కిలోమీటర్లు కూడా దాటలేదు. మరుసటి సంవత్సరం 212 కిలోమీటర్ల దారిని ఐదు వాహనాలు పూర్తి చేశాయి, స్టాన్‌ఫర్డ్ జట్టు కారు స్టాన్లీ ఏడు గంటల లోపే చేరి గెలిచింది. ఆ ఏడాదిలో ఆ జట్టు చేసిన పనిలో పెద్ద భాగం, కారును నెలల తరబడి ఎడారిలోకి తీసుకెళ్లి నడపడం, అది తప్పిన చోటల్లా దిద్దడం.

మొదటి మెట్టు: సమస్యను ఒక వాక్యంలోకి దించడం

ప్రాజెక్టు మొదట్లో జరిగే జీరోత్ రివ్యూకు ఇచ్చే శీర్షికల్లో "భారతీయ రహదారులపై డీప్ లెర్నింగ్ ఆధారిత సంపూర్ణ స్వయంచాలిత వాహన వ్యవస్థ" వంటివి ప్రతి ఏడాదీ కనిపిస్తాయి. ఈ శీర్షిక చూసి గైడ్ తల ఊపవచ్చు గానీ, పదహారు వారాల తర్వాత ఇది పూర్తయిందో లేదో ఎవరూ తేల్చలేరు. దానికి బదులు ఇలా రాయండి: "మా బ్లాకు రెండో అంతస్తు వరండాలో, నాలుగు మూలలున్న 60 మీటర్ల చుట్టును, సెకనుకు 2 మీటర్ల వేగంతో, గోడకు తగలకుండా వరుసగా 10 సార్లు తిరగాలి, దారిలో అట్టపెట్టె పెడితే దానికి తగలక ముందే ఆగాలి." స్థలం, వేగం, ఎన్నిసార్లు, ఏది తప్పు అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. దాని కిందనే మీ కారు చేయనివి కూడా రాయండి: మెట్లను గుర్తించదు, ఎండలో నడవదు, మనుషులు తిరిగే సమయంలో నడవదు. ఈ రెండో జాబితా రాసుకోని బ్యాచ్, రివ్యూలో ఎవరో ఒకరు "సిగ్నల్ లైట్లు కూడా గుర్తిస్తుందా?" అని అడగగానే ఉత్సాహపడి ఒప్పుకుని వస్తుంది, తర్వాత మూడు వారాలు దానికే పోతాయి.

కెమెరా ఆధారంగానే చేయాలని మీ కోర్సు కోరితే ఒక జాగ్రత్త అవసరం. ముందే శిక్షణ పొందిన మోడళ్లలో చాలావాటికి పునాది సిటీస్కేప్స్ వంటి దత్తాంశాలు; 2016లో వెలువడిన ఆ చిత్రాలు ప్రధానంగా జర్మనీ నగరాల వీధులవి, వాటిలో ఆటో అన్న వర్గమే లేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఇంటెల్‌తో కలిసి 2018లో విడుదల చేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు పరిసరాల్లో 182 ప్రయాణాల నుంచి తీసిన సుమారు 10,000 చిత్రాలు, 34 వర్గాలు ఉన్నాయి. ఆటోకూ, రోడ్డు మీది పశువుకూ అందులో వేరే పేర్లున్నాయి. వీధి చిత్రాలతో పని చేసే బ్యాచ్ దీనితో మొదలుపెట్టాలి. అయితే వరండాలో తిరిగే పదో వంతు కారుకు ఆటోను గుర్తించడంతో పని లేదని కూడా గుర్తుంచుకోవాలి. అసలు కారు మీదే ప్రయోగం చేయాలన్న ఆశ ఉంటే, అటువంటి పరీక్షలకు ప్రత్యేకంగా కట్టిన స్థలాలు ఉంటాయి. ఐఐటీ హైదరాబాద్ కంది ప్రాంగణంలో 2022 జూలైలో ప్రారంభమైన తిహాన్ పరీక్షా క్షేత్రం అటువంటిదే. విద్యార్థులు నడిచే కాలేజీ రోడ్డు మాత్రం పరీక్షా స్థలం కాదు, సెలవు రోజైనా కాదు.

రెండో మెట్టు: పని పంచుకోవడం, దానికంటే ముందు ఒక కాగితం రాసుకోవడం

"నేను పర్సెప్షన్, నువ్వు ప్లానింగ్, వాడు కంట్రోల్, మిగిలినవాళ్లు రిపోర్టు" అన్న పంపకం పైకి సబబుగానే ఉంటుంది. ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, చూడటం, దారి తేల్చడం, నడపడం అనే ఈ మూడు ముక్కల మధ్య ఖాళీ ఎవరిదీ కాదు. రెండోది, రిపోర్టు రాయడం అనే పేరుతో ఇద్దరిని పక్కన కూర్చోబెట్టినట్లవుతుంది; వైవాలో ఎక్స్‌టర్నల్ వచ్చి సరిగ్గా వాళ్లనే మొదట అడుగుతారు. ఐదుగురు ఉంటే నేను చెప్పే పంపకం ఇది: బండిని, బ్యాటరీని, సెన్సర్ల బిగింపును ఒకరు చూడాలి, సెన్సర్ నుంచి వచ్చే అంకెలు శుభ్రంగా ఉండేలా ఒకరు, ఎటు తిరగాలో, ఎంత వేగమో తేల్చే కోడ్ ఒకరు, కారు ఆగడం అనే ఒక్క విషయం ఒకరు, శుక్రవారం పరీక్ష జరిపించడం, దాని పట్టిక నింపడం, కోడ్ అంతటినీ ఒక్క చోట కలిపి ఉంచడం ఒకరు. బ్యాచ్‌లో అందరికంటే బాగా కోడ్ రాసే వ్యక్తి న్యూరల్ నెట్‌వర్క్ వైపు పరుగెత్తుతారు. వీలైతే నచ్చజెప్పి ఆ వ్యక్తిని చివరి పనిలో పెట్టండి. నలుగురే ఉంటే సెన్సర్, ఆగడం ఒకరికే ఇవ్వవచ్చు, ఎందుకంటే ఆ రెండింటికీ చుట్టరికం ఎక్కువ.

పేర్లు రాసిన రోజే ఇంకో కాగితం మీద ఒకరి నుంచి ఇంకొకరికి ఏ విలువ, ఏ కొలతలో, సెకనుకు ఎన్నిసార్లు వెళుతుందో రాసి, అందరూ సంతకాలు చేసి ల్యాబ్ గోడకు అంటించండి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. మెకానికల్ వాళ్లు మిల్లీమీటర్లలోనూ డిగ్రీల్లోనూ ఆలోచిస్తారు, రాస్‌లో (రోబో ప్రోగ్రాములను ఒకదానితో ఒకటి కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్) రాసిన కోడ్ మీటర్లనూ రేడియన్లనూ ఆశిస్తుంది. రాస్ సంప్రదాయంలో ముందువైపు ఎక్స్, ఎడమవైపు వై, పైకి జెడ్. అంటే ఎడమకు తిరగడం ధన సంఖ్య. మా కళ్ల ముందే ఒక బ్యాచ్ ముందు చక్రాలను పక్కలకు తిప్పే సర్వో మోటారును తలకిందులుగా బిగించింది. దానితో ధన సంఖ్య పంపితే చక్రాలు కుడికి తిరిగేవి. గోడకు దూరంగా జరగమని కోడ్ ఎంత గట్టిగా చెబితే కారు అంత గట్టిగా గోడ వైపు దూకేది. వాళ్లు రెండు రోజులు పీఐడీ విలువలు (తప్పును బట్టి స్టీరింగ్ ఎంత తిప్పాలో తేల్చే సూత్రంలోని మూడు గుణకాలు) మార్చారు. తప్పు ఒక్క రుణ గుర్తులో ఉంది.

మూడో మెట్టు: సామాను

కాలేజీ ద్వారా కొనాలంటే ఇండెంటు, మూడు కొటేషన్లు, సంతకాలు అన్నీ పూర్తయ్యేసరికి నెల గడుస్తుంది కనుక, ఇండెంటు మొదటి వారమే పెట్టాలి. వైర్లు, కనెక్టర్లు, స్పేసర్ల వంటి చిల్లర సామాను కోఠి గుజరాతీ గల్లీలో గంటలో దొరుకుతుంది, దాని కోసం ఎదురుచూడనక్కర లేదు. కొనేవాటిలో ఆలోచించవలసింది లైడార్ గురించే. తక్కువ ధరలో దొరికే ఆర్‌పీ లైడార్ ఏ1 మామూలుగా సెకనుకు ఐదున్నర చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 0.18 సెకన్లు, ఆ లోపు సెకనుకు 2 మీటర్ల వేగంతో వెళ్లే కారు 36 సెంటీమీటర్లు జరిగిపోతుంది. రేసింగ్ కార్ల మీద కనిపించే హొకుయో యూఎస్‌టీ-10ఎల్‌ఎక్స్ సెకనుకు 40 సార్లు చూస్తుంది, ఆ కాలంలో అదే కారు 5 సెంటీమీటర్లే జరుగుతుంది. ధరలో తేడా చాలా పెద్దది. డబ్బు లేకపోతే చిన్న లైడారే కొని, లక్ష్యంగా పెట్టుకున్న వేగాన్ని తగ్గించుకోవడం నామోషీ కాదు. వేగాన్ని ఎందుకు తగ్గించారో ఈ లెక్కతో రిపోర్టులో చూపిస్తే దానికి మార్కులు కూడా వస్తాయి.

లైడార్‌ను బిగించేటప్పుడు అది వంగకుండా ఉందో లేదో స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. ఫోన్‌లోని యాప్ అయినా సరిపోతుంది. నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న లైడార్ ముందుకు కేవలం 2 డిగ్రీలు వంగితే, దాని కిరణం దాదాపు 4.3 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. తెరుచుకుని ఉన్న పొడవైన వరండాలో కారుకు ఎప్పుడూ నాలుగు మీటర్ల ముందు ఒక గోడ కనిపిస్తూ ఉంటుంది, ఎంత ముందుకు వెళ్లినా ఆ గోడ అంతే దూరంలో ఉంటుంది. దీన్ని కోడ్‌లో వెతికితే ఎప్పటికీ దొరకదు. ప్లాస్టిక్ స్పేసర్ కింద ఒక వాషర్ పెడితే పోతుంది.

బ్యాటరీల విషయంలో సరదాలు పనికిరావు. మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ నిండితే 12.6 వోల్టులు; 10 వోల్టులకు దిగగానే నడపడం ఆపేయాలి. ఛార్జింగ్ బ్యాలెన్స్ ఛార్జర్ మీదనే, ల్యాబ్‌లోనే, మనిషి ఎదురుగా ఉండగానే జరగాలి. హాస్టల్ గదిలో రాత్రంతా పెట్టి నిద్రపోవడం అసలే కుదరదు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్క డెమోకు వస్తుందిలే అని ఉంచుకోకండి. మోటారు ఒక్కసారిగా లాగినప్పుడు వోల్టేజి పడిపోయి కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంటే, కోడ్ చెడిందని అనుకోక ముందు, కంప్యూటర్‌కు వెళ్లే రెగ్యులేటర్‌ను చూడండి.

నాలుగో మెట్టు: ముందు ఆపండి

ఈ మెట్టుకు ఒక పూర్తి వారం ఇవ్వాలని నేను పట్టుబడతాను. కారు నడవడం రాకముందే ఆగడం రావాలి. ఇందులో మూడు పొరలు ఉంటాయి, మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేయాలి.

మొదటి పొర జాయ్‌స్టిక్ మీద వేలితో నొక్కి పట్టుకునే బటన్. వేలు తీస్తే కారు ఆగాలి. నొక్కితే ఆగే బటన్ కాదు, వదిలితే ఆగే బటన్. కంగారులో మనిషి బటన్ వెతుక్కోలేడు గానీ చేతిలో ఉన్నది వదిలేయగలడు. రెండో పొర, మోటారుకు ఆజ్ఞలు ఇచ్చే చివరి కోడ్‌లో ఉండే గడియారం: 0.2 సెకన్ల పాటు కొత్త ఆజ్ఞ రాకపోతే వేగం సున్నా కావాలి. ఇది ఉందో లేదో పరీక్షించడానికి కారును పెట్టె మీద ఎత్తి పెట్టి, చక్రాలు గాలిలో తిరుగుతుండగా స్టీరింగ్ ప్రోగ్రామ్‌ను మధ్యలో చంపేయండి, తర్వాత వైఫై రూటర్ తీగ పీకండి, తర్వాత లైడార్ తీగ పీకండి. మూడు సార్లూ చక్రాలు ఆగితేనే కారును నేల మీదికి దించండి. మూడో పొర, ఎదుట ఉన్నదాని దూరాన్ని, అది దగ్గరవుతున్న వేగంతో భాగించి, తాకడానికి మిగిలిన సమయం ఒక హద్దు కంటే తగ్గితే బ్రేకు వేసే కోడ్.

ఆ హద్దును ఊహతో పెట్టకండి, కొలవండి. వరండాలో టేపుతో ఒక గీత గీసి, కారు గీత దాటగానే ఆగమని ఆజ్ఞ ఇచ్చి, గీతకూ ముందు చక్రానికీ మధ్య దూరాన్ని పదిసార్లు కొలిచి రాయండి. ఆజ్ఞకూ చర్యకూ మధ్య ఆలస్యం 0.25 సెకన్లు, బ్రేకు పడ్డాక వేగం ప్రతి సెకనుకూ 2.5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, సెకనుకు 2 మీటర్ల వేగం దగ్గర కారు ఆలస్యంలో అర మీటరు, బ్రేకులో 0.8 మీటర్లు, మొత్తం 1.3 మీటర్లు వెళుతుంది. వేగాన్ని రెట్టింపు చేసి 4 మీటర్లు చేస్తే ఆ మొత్తం 4.2 మీటర్లు అవుతుంది. వరండా వెడల్పు రెండున్నర మీటర్లే ఉన్నచోట, మూల తిరగగానే గోడ ఉన్నచోట ఆ రెండో అంకెకు అర్థం ఏమిటో బ్యాచ్ అందరూ కలిసి ఆలోచించాలి. ఈ ఒక్క లెక్క, డెమోలో వేగంగా నడిపి చూపిద్దామన్న వాదనలను చాలావరకు ముగిస్తుంది.

ఈ పొరకు ఒక ఇబ్బంది ఉంది. తిరిగి రాని కిరణానికి కొన్ని లైడార్ డ్రైవర్లు సున్నా ఇస్తాయి, కొన్ని అనంతం ఇస్తాయి. సున్నాను నిజమైన దూరంగా తీసుకుంటే కారు ఖాళీ వరండాలో ఏమీ లేకుండానే బ్రేకులు వేస్తూ ఉంటుంది. అప్పుడు విసుగెత్తిన ఎవరో ఒకరు ఆ కోడ్‌ను "తాత్కాలికంగా" తీసేస్తారు, ఆ తాత్కాలికం డెమో దాకా సాగుతుంది. అర్థం లేని విలువలను ఏం చేయాలో సెన్సర్ చూసే వ్యక్తే, ఆ అంకెలు బయటికి పంపక ముందే తేల్చాలి.

ఐదో మెట్టు: నడపడం

సిమ్యులేటర్ ధన, రుణ గుర్తుల తప్పులను, పేర్ల తప్పులను పట్టుకోవడానికి మంచిది, అందుకు ఒక వారం వాడుకోండి. దానిలో టైరు జారదు, బ్యాటరీ తగ్గదు, మీరు చెబితే తప్ప ఆజ్ఞ ఆలస్యం కాదు. కనుక అక్కడ కుదిరిన పీఐడీ విలువలు నేల మీద కుదురుతాయని ఆశించవద్దు.

నేల మీద మొదట గోడ వెంట నడపండి. పక్కకు నేరుగా వెళ్లే ఒక కిరణం, దానికి 45 డిగ్రీలు ముందుకు వెళ్లే ఇంకొక కిరణం, ఈ రెండు దూరాల నుంచి కారు గోడకు ఏ కోణంలో ఉందో త్రికోణమితితో తెలుస్తుంది. ఇక్కడ చాలామంది ఇప్పుడున్న దూరాన్నే సరిచేయబోతారు, అప్పటికి కారు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఆలస్యంలో ఎంత దూరం జరుగుతుందో ఆ చోట గోడ ఎంత దూరంలో ఉంటుందో లెక్కించి, దాన్ని సరిచేయాలి. పీఐడీలో మొదట పీ (ఇప్పుడున్న తప్పుకు తగ్గట్టు తిప్పేది) ఒక్కటే పెట్టి, కారు గోడ వెంట కొద్దిగా ఊగే వరకు పెంచి, అక్కడ ఆపి డీ (తప్పు మారే వేగాన్ని బట్టి ఊగును తగ్గించేది) చేర్చండి. ఐ (పేరుకున్న తప్పును సరిచేసేది) దాదాపు అవసరం రాదు. కారు ఎప్పుడూ ఒకే వైపు అంగుళమో రెండు అంగుళాలో పక్కకు లాగుతుంటే ఐ పెంచడం కంటే సర్వో నడిమి విలువను సరిచేయడం మేలు.

తర్వాతి మెట్టు ఫాలో ద గ్యాప్: లైడార్ చూపులో అన్నిటికంటే పెద్ద ఖాళీ ఎక్కడుందో కనిపెట్టి అటు వెళ్లడం. రాయడం తేలిక, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దీని బలహీనత మా భవనంలోనే తెలిసింది. వరండా చివర హెచ్‌ఓడీ గది గాజు తలుపు ఉండేది. కిరణం గాజును దాటి లోపలి గోడ దాకా వెళ్లి రావడంతో, కారు లెక్కలో వరండా మొత్తంలో అదే అన్నిటికంటే లోతైన ఖాళీ. మూడు బ్యాచ్‌ల కార్లూ ఒకదాని తర్వాత ఒకటి మూల తిరగకుండా నేరుగా ఆ తలుపు వైపే వెళ్లాయి. పరిష్కారం తలుపు మీద లైడార్ ఎత్తున గోధుమరంగు ప్యాకింగ్ టేపు అంటించడం. ఇటువంటి మార్పు చేస్తే దాన్ని దాచకుండా రిపోర్టులో రాయండి. గాజు, నున్నటి నల్ల గ్రానైట్ అంచులు, కిటికీలోంచి నేరుగా పడే ఎండ లైడార్‌కు కష్టమని తెలిసి రాసిన వాక్యం, అన్నీ బాగా పనిచేశాయన్న వాక్యం కంటే ఎక్కువ నమ్మదగినది.

సమయం మిగిలితే వరండా మ్యాపు తయారుచేసి, ఒక గీతను నిర్ణయించి, దాని వెంట ప్యూర్ పర్స్యూట్‌తో నడపండి. ఈ పద్ధతిలో కారు గీత మీద తనకు కొంత దూరంలో ఉన్న బిందువును చూసుకుని దాని వైపు తిరుగుతుంది. ఆ దూరం మరీ తక్కువైతే కారు పాములా ఊగుతుంది, మరీ ఎక్కువైతే మూలలు కోసుకుని పోతుంది. సెకనుకు 2 మీటర్ల వేగం దగ్గర మీటరుతో మొదలుపెట్టి, పది సెంటీమీటర్ల చొప్పున మార్చి చూడండి. సమయం మిగలకపోతే ఫాలో ద గ్యాప్ దగ్గరే ఆగి, పది చుట్లు నిక్కచ్చిగా తిరిగేలా చేయడం సగం పూర్తయిన మ్యాపు కంటే మంచి ప్రాజెక్టు.

ఆరో మెట్టు: శుక్రవారం పట్టిక

ప్రతి శుక్రవారం పరీక్షకు ఒక కాగితం ఉండాలి. అందులో తేదీ, సమయం, ఏ కోడ్ వెర్షన్, మొదలుపెట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజి, నేల తడిగా ఉందా పొడిగా ఉందా, గత వారం నుంచి మార్చింది ఏమిటి, ఎన్ని చుట్లు తిరిగింది, ఎక్కడ ఎందుకు తప్పింది అన్నవి రాయాలి. వేగం కొలిచి సరిచేసుకునే మోటారు కంట్రోలర్ లేని కార్లలో వోల్టేజి తగ్గేకొద్దీ అదే ఆజ్ఞకు కారు నెమ్మదిస్తుంది. ఉదయం బాగా నడిచిన కారు మధ్యాహ్నం ఇంకా బాగా నడిచిందని సంబరపడిన బ్యాచ్‌కు, కాగితం చూశాకే అది తెలివి పెరగడం కాదని, ఛార్జి తగ్గడమని తెలిసింది. పరీక్ష జరిగినంతసేపూ సెన్సర్ విలువలనూ ఆజ్ఞలనూ రాస్ బ్యాగ్ అనే ఫైలులో రికార్డు చేయండి. అలా చేస్తే శనివారం కారు లేకుండానే తప్పు జరిగిన క్షణాన్ని తెర మీద మళ్లీ చూడవచ్చు. ఒక పరుగుకూ ఇంకో పరుగుకూ మధ్య ఒక్కటే మార్చండి. ఇద్దరు కలిసి చెరొకటి మార్చి, కారు బాగుపడితే అది ఎవరి వల్లనో మీకు తెలియదు, చెడితే మాత్రం ఇద్దరికీ గొడవ.

రాస్ కొత్త తరం అయిన రాస్ 2తో పని చేసే బ్యాచ్‌లకు రెండు మాటలు. మొదటిది, పంపేవాడు "వీలైనంత" పద్ధతిలో పంపుతూ, అందుకునేవాడు "తప్పక అందాలి" అని కోరితే, ఇద్దరి మధ్య ఒక్క సందేశం కూడా వెళ్లదు. ఒక హెచ్చరిక వాక్యం తప్ప పెద్ద గోల ఉండదు. లైడార్ తిరుగుతున్నా మీ కోడ్‌కు ఏమీ రాకపోతే ముందు ఈ నాణ్యత అమరికను చూడండి. రెండోది నేను స్వయంగా పడ్డ అవమానం. రాస్ 2లో డొమైన్ ఐడీ అని ఒక సంఖ్య ఉంటుంది, ఎవరూ మార్చకపోతే అది సున్నా. ఒకే వైఫై మీద ఒకే సంఖ్యతో ఉన్న యంత్రాలన్నీ ఒకరి మాట ఒకరు వింటాయి. మా బ్యాచ్ మొదటి పరీక్షలో నేను జాయ్‌స్టిక్ నొక్కాను, మా కారు కదల్లేదు, మళ్లీ నొక్కాను, వెనక నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. పక్క బ్యాచ్ కారు వాళ్ల బల్ల మీద నుంచి దూకింది. మా కారులో స్విచ్ వేయనే లేదు. ల్యాబ్ అసిస్టెంటు వచ్చి, "తమ్ముడూ, నీ కారు ఏదో ముందు నీకు తెలియాలి గదా" అన్నాడు. విరిగిన ముందు బంపర్ ఖర్చు మేమే కట్టాం. మొదటి వారమే ప్రతి బ్యాచ్‌కూ 1 నుంచి 101 లోపు ఒక్కో సంఖ్య ఇచ్చి, దాన్ని కారు మీద మార్కర్‌తో రాయండి.

ఏడో మెట్టు: డెమో, వైవా

డెమో ఎక్కడ జరుగుతుందో, ఏ సమయంలో జరుగుతుందో పద్నాలుగో వారానికే కనుక్కుని, అదే చోట అదే సమయంలో రెండు శుక్రవారాలు నడపండి. ఉదయం పదకొండుకు తూర్పు కిటికీల నుంచి వచ్చే ఎండ మధ్యాహ్నం ఉండదు. మీరు మధ్యాహ్నాలే నడిపి ఉంటే అది మీకు తెలియదు. డెమోకు మూడు రోజుల ముందు కోడ్‌కు తాళం వేసి, ఆ తర్వాత ఎంత చిన్న మెరుగుదల కనిపించినా ముట్టుకోకండి. నిండిన బ్యాటరీలు రెండు, ఒక అదనపు సర్వో, టేపు, అట్టపెట్టె దగ్గర పెట్టుకోండి. చూడటానికి వచ్చినవాళ్లు కారుకు దగ్గరగా నిలబడి ఫోన్లు తీస్తారు; వాళ్ల కాళ్లు లైడార్‌కు గోడలే కనుక, నేల మీద గీత గీసి దాని వెనక నిలబెట్టండి.

వైవాలో ఎక్కువగా అడిగేవి అల్గారిథమ్ పేర్లు కావు. "ఆ విలువ ఎందుకు పెట్టారు?", "ఇది తప్పితే ఏమవుతుంది?", "ఈ ముక్క ఎవరు రాశారు?" అనేవి. మొదటిదానికి మీ టేపు గీత కొలతలు, రెండోదానికి తీగలు పీకిన పరీక్ష, మూడోదానికి కోడ్ చరిత్ర జవాబులు. రిపోర్టులో శుక్రవారం పట్టికలను, తప్పిన పరుగులతో సహా, అనుబంధంగా పెట్టండి. డెమో రోజున కారు గోడకు తగిలితే బెదిరిపోనవసరం లేదు. ఆరో వారంలో అదే మూలలో ఎన్నిసార్లు తగిలిందో, ఆ తర్వాత ఎలా తగ్గిందో చూపే కాగితం మీ చేతిలో ఉంటే, ఎదుట కూర్చున్నవారి ప్రశ్న "ఎందుకు తగిలింది?" నుంచి "ఎలా తగ్గించారు?" వైపు మళ్లుతుంది.

మార్కులు పడ్డాక ఇంకొక అరగంట పని మిగిలి ఉంటుంది. బ్యాటరీలను నిండుగానో ఖాళీగానో వదలకుండా సెల్‌కు 3.8 వోల్టుల దగ్గరకు తెచ్చి డబ్బాలో పెట్టండి. సర్వో నడిమి విలువ, లైడార్ కింద ఎన్ని వాషర్లు పెట్టారో, ఏ చక్రం కొద్దిగా వదులుగా ఉందో ఒక తెల్ల టేపు మీద రాసి కారు అడుగున అంటించండి. జూలైలో ఆ కారును బల్ల మీద తిరగేసి చూసే కొత్త బ్యాచ్‌కు మీ 80 పేజీల రిపోర్టు ఎక్కడుందో తెలియదు. ఆ టేపు మాత్రం కనిపిస్తుంది.